ఇర్మా ఏ ఇంట్లో ఉంది?

“నేనే చంపాను” అన్నాడు ఆర్వో సల్మినెన్. పొద్దుటినుంచి ఆ మాట అనడం అది మూడోసారి.

ఎదురుగా కూర్చున్న ఇన్‌స్పెక్టర్ విట్లాక్ మొహంలో తృప్తి కనిపించింది. గోడవారగా కుర్చీ వేసుకున్న డిటెక్టివ్ సార్జెంట్ ఐలా రింటాల మాత్రం ముసలాయన చేతులకేసే చూస్తోంది. ఎండకి కమిలి నల్లబడ్డ చేతులు. సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా కరగని ఆ మే నెల మొదట్లో, కెనడా ఉత్తరాన ఆ రంగు చేతులు ఒక్క రకం మనుషులకే ఉంటాయి. ఉద్యోగాలు మానేశాక, చలి మొదలవగానే పక్షుల్లా దక్షిణానికి ఎగిరిపోయి వసంతంలో తిరిగివచ్చే ముసలివాళ్ళకి.

ఆర్వో, ఆయన భార్య ఇర్మా అలా పద్దెనిమిదేళ్ళుగా వెళ్ళివస్తున్నారు. వేసవి థండర్ బే దగ్గరి సరస్సు ఒడ్డు ఇంట్లో, చలికాలం ఫ్లోరిడాలోని చిన్న ఇంట్లో. అక్కడా ఇక్కడా చుట్టూ తమ ఫిన్లండ్ మనుషులే, అదే కాఫీ, అదే యాలకుల రొట్టె. కానీ నిరుడు, 1995 అక్టోబరులో, ఆర్వో ఒక్కడే కారెక్కాడు. ఫ్లోరిడాలో అడిగినవాళ్ళకి, ఇర్మా ఈసారి అక్క దగ్గర ఉండిపోయిందని చెప్పాడు. ఇక్కడ అడిగినవాళ్ళకి, ఇర్మా మొగుడితో వెళ్ళిపోయిందని ఆ అక్క హిల్కా చెప్పింది. అక్కడివాళ్ళు ఇక్కడుందనుకున్నారు, ఇక్కడివాళ్ళు అక్కడుందనుకున్నారు. ఏప్రిల్ చివర్లో ఆర్వో తిరిగివచ్చి హిల్కా తలుపు తట్టి “ఇర్మా ఏది?” అని అడిగేదాకా, ఆమె ఏ ఇంట్లోనూ లేదని ఎవరికీ తట్టలేదు. మర్నాడే హిల్కా స్టేషన్‌కి వచ్చి, తన చెల్లెల్ని మరిది ఏదో చేశాడని ఫిర్యాదు ఇచ్చింది.

“ఎలా చంపావు?” అని విట్లాక్ అడిగాడు.

“చంపాను, అంతే” అన్నాడు ఆర్వో. శవం ఎక్కడని అడిగితే సరస్సులో చూసుకోమన్నాడు. ఎప్పుడని అడిగితే, బయల్దేరిన రోజున అన్నాడు. ఇంతకంటే తాను చెప్పేదేమీ లేదనీ, ఏ కాగితం మీద కావాలంటే దాని మీద సంతకం పెడతాననీ అన్నాడు.

ఐలా కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.

“ఆర్వో గారూ, ఆరోజు ఆవిడ ఒంటిమీద ఏం బట్టలున్నాయి?”

ఆయన తల ఎత్తాడు.

“నేను చూళ్ళేదమ్మా” అన్నాడు. “వెనక్కి తిరిగి చూళ్ళేదు. ఈసారి నేను రానంది. సామానంతా కారులో పెట్టాక అంది. ముందురోజే ఇంట్లో నీళ్ళు కట్టేశాను, కరెంటు తీసేశాను, ఫోన్ ఆపించాను. అన్నీ అయ్యాక రానంటుంది. ఒళ్ళు మండింది. ‘అయితే ఉండు, నువ్వూ నీ అక్కానూ’ అన్నాను. అది నా ఆఖరి మాట.”

“తరవాత ఫోన్ చెయ్యలేదా?”

“ఆదివారం ఆదివారం ఫోన్ తీసేవాణ్ణి. హిల్కా ఇంటి నంబరు సగం తిప్పి పెట్టేసేవాణ్ణి. ముందు తనే చెయ్యాలనుకున్నాను. తరవాత సిగ్గేసింది. తీరా వచ్చి చూస్తే, అక్క దగ్గరికే పోలేదంట. నీళ్ళూ నిప్పూ లేని ఇంట్లో దాన్ని వదిలేసి పోయాను నేను. ఇంకేం కావాలి మీకు? చంపడమంటే ఇంకెలా ఉంటుంది?”

బయట వసారాలోకి రాగానే విట్లాక్ చెయ్యి చాచాడు, పందెం గెలిచినవాడిలా. అతను టొరొంటో నుంచి వచ్చిన హత్యల విభాగం మనిషి. ఈ అడవుల్లో ఒక్క రోజు ఎక్కువ ఉండటం కూడా శిక్ష కిందే లెక్క అతనికి.

“సాయంత్రానికి కేసు రాసి పంపేద్దాం. రేపు గజ ఈతగాళ్ళని సరస్సులో దింపుదాం” అన్నాడు.

“ఆయన చెప్పింది వదిలేశానని సర్. చంపానని కాదు.”

“ఒప్పుకున్నవాడి మాటకి కూడా అర్థాలు వెతుకుతావేమిటి సార్జెంట్? మీ ఫిన్లండ్ వాళ్ళ మూగనోము నీకు ముద్దుగా ఉంటుందేమో. నాకు ఇంగ్లీషు వచ్చు. ‘చంపాను’ అంటే చంపానని.”

“సాయంత్రం దాకా టైముంది కదా. ఇల్లు చూసి వస్తాను.”

“మనవాళ్ళు మొన్ననే చూశారు. ఖాళీ ఇల్లు.”

“ఇల్లు చూశారు. సౌనా చూళ్ళేదు.”

విట్లాక్ నవ్వాడు. వెనక్కాలే వస్తానని, ఈ అడవిలో ఆవిరి స్నానం చేసే భాగ్యం తనకీ దక్కనివ్వమని అన్నాడు.

ఇల్లు నిజంగానే ఖాళీగా ఉంది. కుళాయిలు తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. మంచాల మీద కప్పిన గుడ్డల మీద ధూళి చెదరలేదు. ఆర్వో తిరిగివచ్చాక వంటింట్లోనే కుర్చీలో పడుకున్నట్టున్నాడు. బల్ల పక్కన ఫ్లోరిడా నారింజల సంచీ విప్పకుండానే ఉంది.

సౌనా ఇంటికి దిగువన, నీటి ఒడ్డున ఉంది. ఇర్మా హిల్కాల తండ్రి స్వయంగా దుంగలు పేర్చి కట్టిన ఆవిరి స్నానాల గది అది. ఇద్దరు ఆడపిల్లలూ అందులోనే పుట్టారు. వాళ్ళ తల్లి పోతే అందులోనే ఒళ్ళు కడిగి సాగనంపారు. దానికి నీళ్ళ గొట్టాలూ కరెంటూ ఏనాడూ లేవు. కట్టెల పొయ్యి, బాల్చీ ఉంటే చాలు.

తలుపు తియ్యగానే ఐలాకి మొదట కనిపించింది కట్టెల గూడు. శరత్తులో పైకప్పుదాకా పేర్చడం ఆర్వో అలవాటని ఊళ్ళో అందరికీ తెలుసు. ఇప్పుడు అందులో బెరడు ముక్కలు తప్ప ఏమీ లేవు. బట్టలు మార్చుకునే ముందుగదిలో సన్నటి మంచం ఉంది. మంచం కాలినుంచి గోడ వెంబడి పొయ్యిదాకా, అక్కణ్ణుంచి మూలనున్న బాల్చీదాకా, నడుమెత్తున ఒక తాడు కట్టి ఉంది. లేవలేని మనిషి పట్టుకుని నడవడానికి కట్టిన తాడు. ఒకచోట అది చేతుల రాపిడికి నునుపుదేలి మెరుస్తోంది.

ఐలా మోకాళ్ళ మీద కూర్చుని కిటికీ గట్టు చూసింది. పక్కపక్కనే రెండు కొవ్వొత్తుల మైనం మరకలు. డిసెంబరు ఆరున, ఫిన్లండ్ స్వాతంత్ర్యదినం సాయంత్రం, ఆమె వాళ్ళమ్మ కూడా అలాగే కిటికీలో రెండు కొవ్వొత్తులు పెట్టేది.

విట్లాక్ వంగి గుమ్మంలోంచి లోపలికి వచ్చేసరికి ఆమె అప్పటికే అవతలి ఒడ్డున ఉండే లెన్ డుషార్మ్ ఇంటికి వెళ్ళివచ్చింది. చలికాలమంతా మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టే మనిషి అతను. డిసెంబరు ఆరు సాయంత్రం ఇక్కడ రెండు వెలుగులు చూశాననీ, సల్మినెన్ వాళ్ళు ఈ ఏడు వెళ్ళలేదు కాబోలు అనుకున్నాననీ చెప్పాడు. పోలీసులు తన గడప తొక్కలేదు కనక తాను చెప్పలేదట. అతని ఫోన్ నుంచే ఐలా ఫ్లోరిడాకి మాట్లాడింది. ఆ సాయంత్రం ఆర్వో అక్కడి ఫిన్లండ్ వాళ్ళ హాల్లో అందరికీ కాఫీ పోశాడనీ, పాట మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయాడనీ పక్కింటావిడ చెప్పింది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఆయన ఆ వీధి దాటలేదట.

“ఎవడో తాగుబోతు చలికి దూరి ఉంటాడు” అన్నాడు విట్లాక్.

“తాగుబోతు మంచం నుంచి బాల్చీదాకా తాడు కట్టుకోడు సర్. అక్టోబరులో చనిపోయిన మనిషి డిసెంబరులో దీపం పెట్టదు. ఇర్మా ఈ గదిలో చలికాలం గడిపింది. ఒంట్లో బాగాలేక గడిపింది. చంపానంటున్న మొగుడు అప్పుడు ఫ్లోరిడాలో ఉన్నాడు.”

“మరి ఒప్పుకున్నాడెందుకు?”

“ఎవరో ఒకరు తనని శిక్షిస్తే బావుణ్ణనుకుంటున్నాడు కాబట్టి.”

“ఇది పోలీసు పనా, పాదిరీ పనా? నీ కొవ్వొత్తులూ నీ తాడూ పట్టుకుని కోర్టుకి వెళ్ళు చూద్దాం. నా దగ్గర మనిషి మాట ఉంది.”

“ఆ మాట కోర్టులో గంట నిలబడదు. టొరొంటోలో మిమ్మల్ని చూసి నవ్వుతారు.”

విట్లాక్ మొహం కందిపోయింది. అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఐలా అతన్ని పట్టించుకోకుండా తాడు ముడి దగ్గరికి దీపం తెచ్చింది. వల అల్లేవాళ్ళ ముడి అది. తండ్రి వల అల్లేవాడు కనక ఇర్మాకీ వచ్చు. కానీ ఈ ముడి ఎడమనుంచి కుడికి కాక, కుడినుంచి ఎడమకి తిరిగింది. ఎడమచేతివాటం మనిషి వేసిన ముడి. ఐలా చాలాసేపు దాన్నే చూసింది. ఎనిమిదేళ్ళప్పుడు చర్చి కింది గదిలో తనకి అల్లిక నేర్పిన మనిషి ఎడమచేతివాటమే. కుట్లన్నీ తలకిందులుగా నేర్చుకుని, ఇంటికి వెళ్ళి అమ్మ చేత తిట్లు తింది.

అక్టోబరు తరవాత ఈ చోట అడుగు పెట్టలేదని వాంగ్మూలం ఇచ్చింది కూడా ఆ మనిషే.

హిల్కా ఇల్లు రోడ్డుకి ఆ పక్కన, కూతవేటు దూరంలో. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి ఇంటి వెనకాల బట్టలు ఆరేస్తోంది. ఆ తీగ కట్టిన ముడి చూడటానికి ఐలా దగ్గరికి వెళ్ళనక్కర్లేకపోయింది. అంతకంటే ముందే ఆమె కళ్ళు బంగాళాదుంపల మడి మీద పడ్డాయి. మడంతా ఎండుగడ్డితో బిగుసుకుపోయి ఉంది, ఒక్క మూల తప్ప. ఆ మూల మట్టి కొత్తగా తవ్వి, పారతో సాపు చేసి ఉంది.

“దుంపలకి అప్పుడే తొందరేంటి పిన్నీ? మా పెరట్లో ఇంకా గునపం దిగట్లేదు.”

“నా పెరట్లో దిగింది” అంది హిల్కా బట్టల పిన్ను నోట్లోంచి తీసి.

ఐలా మడివైపు నడిచింది. మట్టి నిండా బొగ్గు ముక్కలు కలిసి ఉన్నాయి. గడ్డకట్టిన నేల తవ్వాలంటే పాతవాళ్ళు దాని మీద రోజుల తరబడి మంటలు వేసేవారు. చలికాలంలో ఒక్క పనికే అలా తవ్వేవారు. ఐలా ఇంకో అడుగు ముందుకి వేసింది.

“అటు తొక్కకు” అంది హిల్కా నెమ్మదిగా. “తల అటువైపుంది.”

ఐలా వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. తడి దుప్పటి గాలికి కొట్టుకుంటోంది. వచ్చే ఏడు తానూ రిటైరై, మొగుడు ముచ్చటపడి చూసిపెట్టిన దక్షిణాది ఇంటికి వెళ్ళాల్సిన ఐలాకి, ఆ క్షణాన ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఎందుకున్నానా అనిపించింది. హిల్కాని దొంగగానో అబద్ధాలకోరుగానో ఆమె ఏనాడూ ఊహించలేదు. ఆమె చేతి ఉన్ని మేజోళ్ళు తొడగని పిల్ల ఆ ఊళ్ళో లేదు.

“కాఫీ పెడతాను. కూర్చుని అడుగు” అంది హిల్కా.

వంటింట్లో ఆమె అంతా చెప్పింది, గొంతు ఎక్కడా వణకకుండా. సెప్టెంబరులో డాక్టరు ఇర్మాకి కాలేయంలో కాన్సర్ ఉందని, వసంతం దాకా బతకదని చెప్పాడు. ఇర్మా ఆస్పత్రికి ఒప్పుకోలేదు. పుట్టిన గదిలోనే పోతానంది. ఆర్వోకి చెబితే ఆయన కదలడు, ఆయన ఊపిరితిత్తులకి ఈ చలి పడదు, ఇద్దరూ ఎందుకు పోవాలంది. అందుకే కావాలని చివరి నిమిషంలో గొడవ పెట్టుకుంది. కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, ఆ తరవాత మెట్ల మీద కూలబడింది. అప్పటినుంచి హిల్కాయే అన్నీ చూసింది. కట్టెలు, గంజి, బాల్చీ. నడవలేకపోతే తాడు కట్టింది. నొప్పికి మొదట మాత్రలు పనిచేశాయి, తరవాత అవీ పనిచెయ్యలేదు. ఫిబ్రవరి మొదట్లో ఇర్మా పోయింది. అమ్మకి చేసినట్టే వేణ్ణీళ్ళతో ఒళ్ళు కడిగి, మంచు మీద లాగే చెక్కబండిలో పెట్టి, తన కట్టెల పాకలోకి తెచ్చుకుంది. ఏప్రిల్‌లో మంటలు వేసి గొయ్యి తవ్వింది.

“ఒక్కరే తవ్వారా?”

“ఎవర్ని పిలుస్తాను?”

ఐలా కాఫీ ముట్టుకోలేదు. ఇంతవరకూ అర్థమైంది. ఇందులో దయ ఉంది, మొండితనం ఉంది, చట్టం ఒప్పుకోని పనులూ ఒకటి రెండున్నాయి. కానీ ఒకచోట లెక్క కుదరడం లేదు.

“ఆయన వచ్చి తలుపు తట్టినప్పుడు చెప్పెయ్యొచ్చు కదా పిన్నీ. ఇర్మా కోరిక తీరింది. ఆయనా ఎండలో క్షేమంగా ఉండి వచ్చాడు. ఇంకా దాచాల్సిన పనేముంది? దాచడమే కాదు, ఆయన మీద కేసు పెట్టారు.”

హిల్కా తన కప్పు కడగడం మొదలుపెట్టింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

“నన్ను ఆర్వో దగ్గరికి తీసుకెళ్ళు” అంది. “ఒకసారే చెప్తాను. రెండుసార్లు చెప్పలేను.”

మడి దగ్గర కాపలాకి ఇద్దరు కానిస్టేబుళ్ళని పెట్టించి, ఐలా స్టేషన్‌కి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. విట్లాక్ అంతా విన్నాడు. గజ ఈతగాళ్ళని వద్దని చెప్పడానికి ఫోన్ చేశాడు. ఆ తరవాత, ముసలావిడ చెప్పేది తానూ వినాలన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

ఆర్వోకి ఐలాయే ముందు చెప్పింది. ఇర్మా జబ్బు సంగతి, సౌనా సంగతి, హిల్కా చేసిన సేవ సంగతి. ఆయన చెవులు పనిచెయ్యనివాడిలా ఆమె నోటికేసి చూస్తూ విన్నాడు. హిల్కా లోపలికి రాగానే లేచి వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“ఒంటరిగా పోలేదన్నమాట” అన్నాడు.

“లేదు. నా చేతుల్లో పోయింది.”

“చలికి పోలేదు.”

“లేదు ఆర్వో. పొయ్యి ఆరనివ్వలేదు నేను.”

ఆయన తల ఆమె భుజం మీద వాలిపోయింది. చాలాసేపు ఏడ్చాడు. హిల్కా రుణం ఏ జన్మకీ తీర్చుకోలేనన్నాడు. తాను చెయ్యాల్సింది ఆమె చేసిందన్నాడు. హిల్కా కొయ్యలా నిలబడి ఉంది.

“నా గురించి ఏమైనా అందా?” అని అడిగాడు.

హిల్కా ఐలా వైపు చూసింది. ఐలా చూపు తిప్పుకోలేదు, సాయానికీ రాలేదు.

“క్రిస్మస్ దాటాక నిన్ను పిలవమంది” అంది హిల్కా. “గొడవ ఉత్తుత్తిదని చెప్పమంది. వస్తాడు, విమానంలో వచ్చేస్తాడు, చలి ఏమీ చెయ్యదులే అంది. ఇంటికెళ్ళి ఫోన్ చేసి రమ్మంది.”

“నాకెవరూ చెయ్యలేదే.”

“చెయ్యలేదు. ఇంటికెళ్ళాను. ఫోన్ పక్కన కూర్చున్నాను. తిరిగొచ్చి, చేశానని చెప్పాను. దూరం, రాలేనన్నావని చెప్పాను.”

విట్లాక్ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.

“మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను.”

ఆర్వో ఆమె చేతులు వదల్లేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. ఎందుకని మాత్రం అడిగాడు, దారి అడిగినంత మెల్లగా.

“పద్దెనిమిదేళ్ళు, అక్టోబరు రావడం ఆలస్యం, తీసుకెళ్ళిపోయేవాడివి. ఈ రోడ్డు మీద నా ఇంటి దీపం ఒక్కటే ఉండేది. చీకటి పడ్డాక మాట్లాడ్డానికి మనిషి లేదు, రేడియో తప్ప. ఈ ఒక్క చలికాలం నాది. నువ్వొస్తే అదీ నీదైపోయేది.” హిల్కా గొంతు అప్పుడు మొదటిసారి తడబడింది. “మొన్న నువ్వొచ్చి తలుపు తట్టి అడిగావు. చెబితే ఇదంతా చెప్పాలి. చెప్పలేక పోలీసుల దగ్గరికి పోయాను. తప్పు నీ మీద పడితే నేను బతకగలననుకున్నాను.”

ఆర్వో నిదానంగా తన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“రానన్నానని చెబితే, నమ్మిందా?”

హిల్కా కళ్ళు మూసుకుంది.

“నమ్మింది.”

విట్లాక్ లేచి, ఆయన మీద కేసేమీ లేదనీ, ఇంక వెళ్ళొచ్చనీ చెప్పాడు. ఐలా తలుపు తెరిచి పట్టుకుంది. ఆర్వో రెండడుగులు వేసి గుమ్మం దాకా వచ్చాడు. బయటికి ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళి, పొద్దుటినుంచి కూర్చున్న కుర్చీలోనే మళ్ళీ కూర్చున్నాడు.